పట్టేసిన జాయ్‌స్టిక్

ఆ ఉదయం హెడ్ గుమాస్తా మేనేజరుకు ఫోన్ చేసి, నడుం పట్టేసిందని మూలుగుతూ సెలవు పుచ్చుకున్నాడు. తన కింది ఉద్యోగి జ్వరమంటే థర్మామీటర్ ఫొటో పంపమనే మనిషి ఈ గుమాస్తా. అసలు సంగతేమిటంటే, పదకొండింటికి ఆన్‌లైన్ విమాన క్లబ్బులో పరీక్ష ఉంది. కంప్యూటర్ తెర మీద విమానాన్ని క్షేమంగా దించితే ఆయన పేరు ముందు ‘కెప్టెన్’ అని చేరుతుంది. ఇంటాబయటా ఇంతవరకూ ఎవరూ ఇవ్వని గౌరవం.

తీరా కూర్చుంటే విమానం నడిపే జాయ్‌స్టిక్ మొరాయించింది. ఎడమకు వంచితే కిర్రుమంటోంది, వదిలితే మధ్యకు రావడం లేదు. విమానం రన్‌వే వదిలేసి చెరువులోకి పోతోంది.

"రిపేరు షాపులో ఇవ్వరాదూ?" అంది భార్య.

"దీనికి షాపెందుకే? రెండు చుక్కల నూనె చాలు."

వంటనూనె సీసా వంచాడు. చుక్కలు కాస్తా చెంచాలయ్యాయి. కిర్రుమనడం పోలేదు సరికదా, అసలు కదలడమే మానేసింది. ఒళ్లుమండి క్లబ్బు గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "పొద్దున్నించీ పట్టేసింది. ఎడమకి వంగితే కిర్రుమంటోంది, మళ్లీ నిటారుగా రావట్లేదు. నూనె పోసినా లాభం లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి విప్పేస్తున్నా."

జిడ్డు వేళ్లకు తగిలింది క్లబ్బు గ్రూపు కాదు, ఆఫీసు గ్రూపు. అది చూసుకోకుండా ఫోన్ పక్కన పడేసి పనిలో పడ్డాడు.

ఆఫీసులో గగ్గోలు పుట్టింది.

"నడుం విప్పడమేంటి సార్? అదీ స్క్రూడ్రైవర్‌తో?" అన్నాడు క్యాషియర్.

మేనేజరు ఆగలేదు. ఫిజియోథెరపిస్టు అయిన తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చి తలుపు కొట్టాడు. నడుం నొప్పి వంకతో సెలవు పెట్టిన సంగతి భార్యకు తెలియదు.

"ఎలా ఉందమ్మా?"

"ఏం చెప్పమంటారండీ, ఇప్పుడే స్ప్రింగ్ ఊడింది. షాపులో ఇవ్వమంటే వింటేగా!"

బావామరుదులు మొహాలు చూసుకున్నారు.

ఆ గొంతులు విని గుమాస్తా ఒక్క గెంతుతో మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. బావమరిది ఆయన్ని బోర్లా తిప్పి, మోకాలితో అదిమిపెట్టి, నడుమును ఒక్క మెలి తిప్పాడు. కటుక్కుమంది. ఈసారి గుమాస్తా పెట్టిన కేకలో అబద్ధమేమీ లేదు.

అంతలో పక్కగదిలో కంప్యూటర్ పలికింది: "అభ్యర్థి సిద్ధమేనా? అయిదు నిమిషాలే ఉన్నాయి."

మేనేజరు వెళ్లి చూశాడు. బల్ల మీద నూనె మడుగు, అందులో విప్పిన జాయ్‌స్టిక్. జేబులోంచి ఫోన్ తీసి ఆ మెసేజ్ మళ్లీ నిదానంగా చదివాడు. తర్వాత రుమాలుతో నూనె తుడిచి, స్ప్రింగ్ తిరిగి బిగించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత కంప్యూటర్లోంచి చప్పట్లు వినిపించాయి.

"ఎంత నున్నగా దించారండీ!" అంది భార్య. మొగుణ్ని ఆ గొంతుతో ఆవిడ ఎప్పుడూ మెచ్చుకోలేదు.

మేనేజరు జాయ్‌స్టిక్ చంకన పెట్టుకుని మంచం దగ్గరికొచ్చాడు. "మీ నడుం పూర్తిగా నయమయ్యేదాకా ఇది నా దగ్గరుంటుంది. ఇలాంటివి ముట్టుకోకండి, ఎడమకి వంగిపోతారు."

గుమాస్తా ఏదో అనబోయాడు. ఏమన్నా దొరికిపోతాడు. "చిత్తం" అని మూలిగాడు.

వారం తర్వాత నడుముకు బెల్టు కట్టుకుని ఆఫీసుకెళ్తే, మేనేజరు గది తలుపు మీద ‘సమావేశంలో ఉన్నారు’ అన్న పలక వేలాడుతోంది, లోపల్నుంచి ఇంజిన్ మోత వస్తోంది. సంతకాలు కావలసినవాళ్లంతా విమానం దిగేదాకా బయట బెంచీ మీద కూర్చుంటున్నారు.