దీపం మింగిన క్లోరిన్

ఆ రోజుకు షావుకారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తన అద్దకం షెడ్డుకు వెళ్ళాలి, నీటి యంత్రాన్ని ఒకసారి చూసుకోవాలి, మధ్యాహ్నం తనిఖీకి వచ్చే అధికారిణికి నవ్వు ముఖంతో ఎదురెళ్ళాలి. రంగునీళ్ళలో ఎన్నాళ్ళకూ విరగని రసాయనం ఒకటి మిగులుతోందని ఆవిడ పోయినసారే హెచ్చరించింది. ఈసారీ మిగిలితే షెడ్డుకు తాళమే. అందుకే ఈ యంత్రం కొన్నాడు. నీళ్ళలో క్లోరిన్ చుక్కలుగా పడుతుంది. ఆ నీళ్ళు ఉక్కు గొట్టంలో అతినీలలోహిత దీపం పక్కగా పోయి బయటికొస్తాయి. దాన్ని నడిపేది బావమరిది.

షావుకారు దీపానికి ముందు నీళ్ళలో పరీక్ష కాగితం ముంచాడు. ముదురు ఊదా రంగు. క్లోరిన్ దండిగా ఉంది. దీపం దాటిన నీళ్ళలో ముంచాడు. కాగితం దాదాపు తెల్లగానే ఉండిపోయింది. షావుకారు లెక్క ఒకటే. ఇటు పోసిన సరుకు అటు రావాలి. రాలేదంటే మధ్యలో ఎవరిదో చెయ్యి ఉండాలి. మధ్యలో ఉన్నది బావమరిది. షెడ్డులో కూడా నల్ల కళ్ళద్దాలు తియ్యడు. పైగా ఈ మధ్య అతని చొక్కాలు, క్లోరిన్‌లో ముంచి తీసినట్టు, కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంటున్నాయి.

"ఏరా, క్లోరిన్ ఎక్కడికి పోతోంది?"

"ఎక్కడికీ పోదు బావా. దీపం మింగేస్తుంది."

"నిన్న ఎలుకలు గుడ్డ తిన్నాయన్నావు, ఇవాళ దీపమా?"

"ఆ వెలుగు తగిలితే క్లోరిన్ విరుగుతుంది బావా. విరిగిన ముక్కలే ఆ పాడు రసాయనాన్ని కొరికేస్తాయి. యంత్రం అమ్మినాయన చెప్పాడు."

"అమ్మేవాడు ఏమైనా చెప్తాడు. నేనూ అమ్మేవాణ్ణే, నాకు తెలీదా? మరి ఆ చొక్కా సంగతేంటి?"

బావమరిది ముఖం చొక్కాతో పోటీపడింది. "దొంగననే కదా! నీ యంత్రం నువ్వే చూసుకో!" అంటూ అలవాటు కొద్దీ దీపం ఆర్పి, మీటల పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయాడు. మూసిన గొట్టంలో దీపం ఆరిన సంగతి షావుకారుకు తెలియలేదు.

కాసేపాగి మళ్ళీ కాగితం ముంచాడు. ఈసారి రెండు చోట్లా ముదురు ఊదాయే! మనిషి వెళ్ళాడు, సరుకు నిలిచింది. ఇంకేం రుజువు కావాలి? భార్యకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"వాడి చొక్కాలు ఉతికేది నేను! మా తమ్ముడు దొంగా? మీరు అన్నానికి ఇంటికి రాకండి."

ఆ కడుపుమంటలో, ఎందుకైనా మంచిదని క్లోరిన్ కుళాయి ఇంకాస్త తిప్పాడు. ఘాటుకు పనివాళ్ళంతా ముక్కులు మూసుకుని, కళ్ళనీళ్ళు కార్చుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే అధికారిణి కారు దిగింది.

"అయ్యో, ఎవరైనా పోయారా?"

"లేదు మేడమ్, మీ కోసమే ఎదురు చూస్తున్నారు" అన్నాడు షావుకారు.

ఆవిడ కాగితం ముంచి నొసలు చిట్లించింది. "దీపం దాటాక కూడా ఇంత క్లోరినా?"

"చుక్క కూడా పోనివ్వలేదు మేడమ్!"

"పోవాలండీ! పోతేనే రసాయనం విరిగినట్టు. మీ దీపం వెలగడం లేదు. నడిపే మనిషేడీ?"

షావుకారు గేటు వైపు చూశాడు. "తరిమేశాను మేడమ్."

"పక్క షెడ్డు చూసి వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే తాళం వేస్తాను."

షావుకారు భార్యకు మళ్ళీ ఫోన్ చేశాడు. "తప్పయిపోయిందే, వాణ్ణి పంపించు."

"ఇక్కడే ఉన్నాడు, వాడు వినేలా చెప్పండి."

"తప్పయిపోయిందిరా బావమరిదీ."

"పనివాళ్ళు పక్కనే ఉన్నారా బావా? అయితే వాళ్ళకీ వినబడేలా ఇంకోసారి."

షావుకారు అరిచి మరీ చెప్పాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆటోలో దిగారు. బావమరిది కుళాయి తగ్గించి, పెట్టె తెరిచి, దీపం వేశాడు. అధికారిణి తిరిగొచ్చి మళ్ళీ ముంచితే, దీపం దాటిన నీళ్ళలో కాగితం తెల్లగా వచ్చింది. ఆవిడ పరీక్షకు సీసాలో నీళ్ళు పట్టుకుని, తాళం వెయ్యకుండానే కారెక్కింది.

షావుకారు చెమట తుడుచుకుంటుంటే బావమరిది చెవి దగ్గరికి వచ్చాడు. "బావా, దీపం మింగడం నిజమే. చొక్కాలకి మాత్రం అప్పుడప్పుడు ఓ మూతెడు క్లోరిన్ నేనే పట్టుకెళ్ళాను."

షావుకారు నోరు తెరిచాడు. గేటు దగ్గర నడుమున చేతులు పెట్టుకుని నిలబడ్డ భార్యను చూశాడు. మూసుకున్నాడు. క్షమాపణ వాపసు తీసుకునే సరుకు కాదు.