పన్నెండింటిదాకా మౌనం

ఆ ఆదివారం పొద్దున నవీన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి గొల్లపల్లిలో బొలేరో ఎక్కాలి, పదింటికల్లా సుక్మా చేరాలి, పన్నెండింటికి అక్కడి హాల్లో పాడాలి. అప్పటిదాకా నోరు విప్పకూడదు. కిందటేడు భేజ్జిలో పాడటానికి వెళ్ళినప్పుడు దారి పొడుగునా కబుర్లు చెప్పి, తీరా పాట పైకి ఎక్కే చోట గొంతు బొంగురుపోయి నలుగురిలో పరువు పోగొట్టుకుంది. అప్పటినుంచి పాట ఉన్న రోజున నిద్ర లేచింది మొదలు మొదటి స్వరం ఎత్తేదాకా మౌనం అని నియమం పెట్టుకుంది. ఈలోగా ఎవరితో ఏం మాట్లాడాలన్నా అన్న దుర్గేశ్ మాట్లాడాలి.

దుర్గేశ్ సాక్సాఫోన్ వాయిస్తాడు. తండ్రి వెంకటనారాయణ ముప్పై ఏళ్ళు పెళ్ళి బ్యాండులో ఊది, ఇక పొలం చాలనుకుని అటకెక్కించిన వాద్యం అది. దుర్గేశ్ దాన్ని దించి, ఫోనులో వినీ వినీ జాజ్ పట్టాడు. అంటే, రాగాన్ని వేసిన బాటలో కాకుండా అప్పటికప్పుడు మనసుకు తోచిన బాటలో నడిపించడం. నవీనకు సోల్ పట్టుబడింది. లోపలున్నదంతా దాచుకోకుండా బయటికి పిలిచి పాడటం. చెల్లెలు ఒక మాట పాడితే అన్న సాక్సాఫోన్‌తో జవాబు చెబుతాడు. ఇంట్లో వాళ్ళ తగవులు కూడా ఇదే వరసలో సాగేవి కనుక పెద్దగా సాధన అక్కర్లేకపోయింది.

ఆ రోజు రాయ్‌పూర్ నుంచి రీనా మేడమ్ వస్తోంది. అక్కడ జరగబోయే సంగీతోత్సవానికి ఈ ప్రాంతం నుంచి ఒక్క జట్టును ఎంచుకుని వెళ్ళిపోతుంది. వరి కోతలకూ ఇప్పపువ్వు ఏరడానికీ మధ్య దొరికిన నాలుగేళ్ళ సాయంత్రాలన్నీ నవీన ఈ ఒక్క మధ్యాహ్నం కోసమే ఖర్చు పెట్టింది. తమను ఎంచుకుంటారా లేదా అన్న అనుమానం ఆమెకు లేదు. రాయ్‌పూర్‌లో ఏ చీర కట్టుకోవాలన్నదే ఇంకా తేలలేదు.

అయితే దుర్గేశ్‌కూ ఒక నియమం ఉందన్న సంగతి ఆమెకు తట్టలేదు. సాక్సాఫోన్ మూతికి రీడు అని ఒక పలుచటి బద్ద ఉంటుంది. అది తడిగా ఉంటేనే వాద్యం పలుకుతుంది. ఏప్రిల్ ఎండకు ఉన్న మూడింట్లో రెండు చీలిపోయాయి. మిగిలిన ఒక్కటీ ఆరిపోతుందేమోనని దుర్గేశ్ బండి ఎక్కుతూనే దాన్ని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చున్నాడు. ఇక డ్రైవరు ప్రకాష్‌కు నాలుగు భాషలు వచ్చు గానీ బండి నడిపేటప్పుడు ఒక్కటీ మాట్లాడడు.

ఊరి చివర వెంకమ్మ చింతపండు బస్తాతో ఎదురైంది. వరసకు వీళ్ళకు మేనత్త. సుక్మా బజారులో దింపుతారా అని అడిగింది. ఆలస్యమవుతుందని చెప్పడానికి నవీన చేతులు ఊపింది. వెంకమ్మ ఆ చేతులకేసి చూడనేలేదు.

"మౌనం అర్ధాంగీకారమంటరు గదా," అంటూ బస్తాను వెనక్కి తోసి, మిగతా సగం అంగీకారం కింద తానూ ఎక్కింది.

నవీన కోప్పడలేదు. ఒక్క పాట అయిపోతే ఒక్క మాటతో అన్నీ చక్కబెట్టగలనని ఆమె ధీమా.

కొంటాలో వెంకమ్మ బండి ఆపించి, బస్సు కోసం నిలబడ్డ కృష్ణకుమారిని ఎక్కించుకుంది. ఆవిడ స్వస్థలం కాకినాడ వైపు. భర్తకు బచేలి గనుల్లో ఉద్యోగం కావడంతో అక్కడి టౌన్‌షిప్‌లో ఉంటోంది. వెంకమ్మ దగ్గర ఏటా చింతపండు కొంటుంది. కొడుకు నాగార్జునకు పిల్ల కోసం రెండు రాష్ట్రాలు గాలించి అలిసిపోయింది. చూసిన పిల్లలందరూ తిరిగి తననే ప్రశ్నలు అడిగారట. ఆ గోడు వెళ్ళబోసుకుంటూ పక్కకు తిరిగేసరికి నవీన కంటబడింది.

వంట వచ్చా అని అడిగింది. జవాబు లేదు. ఉద్యోగం చేస్తానంటావా అంది. జవాబు లేదు. అత్తగారు ఒక మాట అంటే ఓర్చుకుంటావా అన్నప్పుడు మాత్రం నవీన నవ్వు ఆపుకోలేక తల దించి, మెడకు చుట్టుకున్న టవలు మూతికి అడ్డం పెట్టుకుంది. ఆ సిగ్గు చూసి కృష్ణకుమారి కరిగిపోయింది.

"ఎక్కినప్పట్నుంచీ చూస్తన్నానండీ, ఒక్క మాట తూలలేదు. ఇన్నాళ్ళకి దొరికింది," అంది వెంకమ్మతో.

"మా పిల్ల బంగారం," అంది వెంకమ్మ. ఇరవై నాలుగేళ్ళలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

వ్యవహారం ముదురుతోందని నవీన ఫోనులో 'నాకీ పెళ్ళి వద్దు' అని టైపు చేసి చూపించింది. వెంకమ్మకు చదువు రాదు. కృష్ణకుమారి కళ్ళజోడు పెట్టెలో ఉంది, పెట్టె చింతపండు బస్తా కింద ఉంది. ఆవిడ ఫోనును చేయి చాచినంత దూరం పట్టుకుని చూసి, పిల్ల నంబరు ఇస్తోందనుకుని మురిసిపోయింది. అలాంటివి పెద్దవాళ్ళు మాట్లాడుకున్నాక ఇచ్చుకోవచ్చని చెప్పి భద్రంగా తిరిగిచ్చేసింది.

ఆ తర్వాత అన్న ఇష్టమేమిటో కనుక్కోవాలని దుర్గేశ్ వైపు తిరిగింది. చెల్లెలి పెళ్ళి కళ్ళ ముందే కుదిరిపోతుంటే అతనికి చెమటలు పడుతున్నాయి. కానీ కిటికీలోంచి ఎర్రదుమ్ము కొడుతోంది. ఆ దుమ్ములో రీడు బయటికి తీసే ధైర్యం లేక, కాస్త ఆగండి అన్నట్టు నోటికేసి వేలు చూపించాడు. కృష్ణకుమారి నాలుక కరుచుకుంది. మాట ఖాయం చేసుకునేటప్పుడు ముందు నోరు తీపి చేయాలి కదా. ఇంత వయసొచ్చి ఆ మర్యాద ఒక కుర్రవాడితో చెప్పించుకోవలసి వచ్చింది.

దోర్నపాల్‌లో బండి ఆపించి కిలో లడ్డూలు కొంది. మొదటిది పెళ్ళికూతురి అన్నకు. అతను తల అటూ ఇటూ తిప్పాడు. మొహమాటస్తుల చేత తినిపించడంలో గోదావరి జిల్లాల వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. లడ్డూ మొత్తం ఒక్కసారే లోపలికి వెళ్ళింది. లోపల టక్కుమని చప్పుడైంది.

దుర్గేశ్ అరచేతిలోకి ఉమ్మాడు. బూందీలో రెండు ముక్కలైన రీడు.

"విరిగింది చెల్లె," అన్నాడు.

రీడు కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాలి, వారం పడుతుంది. సాక్సాఫోన్ లేకుండా తన పాటకు జవాబు చెప్పేదెవరు? నాలుగేళ్ళ కష్టం ఒక్క లడ్డూతో పోయిందనుకోగానే నవీనకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. కృష్ణకుమారి ఆమెను దగ్గరికి తీసుకుని, పుట్టింటి మీద బెంగ ఎవరికైనా ఉండేదేనని ఓదార్చింది. దుర్గేశ్ అసలు సంగతి చెప్పబోయాడు గానీ, అప్పటికే ఆవిడ బచేలికీ వెంకమ్మ గొల్లపల్లికీ ఫోన్లు చేస్తున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సుక్మా చేరేలోగా జ్యేష్ఠమాసంలో ముహూర్తం తేలింది, వంటవాళ్ళ దగ్గర చర్చ ఆగింది.

పెళ్ళికూతురు ఏదో భక్తిపాట పాడుతుందని కృష్ణకుమారి, ఎండలో బజారు కంటే హాలు నయమని వెంకమ్మ, ఇద్దరూ వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. వాళ్ళ పక్క కుర్చీలోనే రీనా మేడమ్. సరిగ్గా పన్నెండింటికి వీళ్ళ పేర్లు పిలిచారు.

"వాపస్ పోదాం చెల్లె. ఏం పెట్టి వాయించాలె?" అన్నాడు దుర్గేశ్ మెట్ల దగ్గర.

నవీన కళ్ళు తుడుచుకుంది. వెనక్కి పోవడమన్న మాట వినేసరికి ఆమెకు పోయిన ధీమా తిరిగి వచ్చింది. అన్న నోటికేసి వేలు చూపించి, చేయి పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్ళింది.

శబరి అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి కేకేసి పిలిచే పాట అది. ఇద్దరూ కలిసి కట్టుకున్నదే. ఆరు గంటలు దాచిన గొంతు ఒక్కసారిగా వదిలేసరికి మైకు కీచుమంది. ఆమె మైకును పక్కకు జరిపి పాడింది. అయినా ఆఖరి వరసలో నిద్రపోతున్న వాళ్ళు లేచి కూర్చున్నారు. జవాబు రావలసిన చోట దుర్గేశ్ కళ్ళు గట్టిగా మూసుకుని, సాక్సాఫోన్ ఏం చెప్పేదో అదే నోటితో చెప్పాడు. మొదటిసారి గొణిగినట్టు వచ్చింది. చెల్లెలు ఊరుకోలేదు, అదే పిలుపు ఇంకొంచెం పైనుంచి పిలిచింది. రెండోసారి ఇన్నేళ్ళూ వాద్యం వెనక దాక్కున్న గొంతు బయటికొచ్చింది. మాటలు లేవు, ఉత్త శబ్దాలే. ఆమె పిలిచే కొద్దీ అతను మెలికలు తిప్పి జవాబిచ్చాడు. అన్నకు ఇంత గొంతు ఉందని నవీనకే తెలియదు. పాడుతూనే ఆనందం పట్టలేక నవ్వేసింది.

మిగతా జట్ల పాటలు కూడా అయ్యాక రీనా మేడమ్ లేచి వీళ్ళ దగ్గరికి వచ్చింది. రాయ్‌పూర్‌కు వీళ్ళే రావాలని తేల్చింది. అన్నయ్య గొంతును ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని హిందీలో నిలదీసి, ఆ సాక్సాఫోన్‌ను ఇంటి దగ్గర వదిలేసి వచ్చినా ఇబ్బంది లేదంది. దుర్గేశ్ వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలియక కూర్చుండిపోయాడు.

ఇక మిగిలింది ఒక్క మాట. పొద్దుటినుంచి అట్టేపెట్టిన ఆ 'వద్దు' అనే మాటను మర్యాదగా ఎలా చెప్పాలో చూసుకుని నవీన కృష్ణకుమారి దగ్గరికి వెళ్ళింది. నోరు తెరిచేలోగా ఆవిడే రెండు చేతులూ పట్టుకుంది.

"ఏమనుకోకమ్మా. మాది రెండు గదుల క్వార్టరు. నీ గొంతు అందులో పట్టదు," అంది. మిగిలిన లడ్డూల పొట్లం సంచిలో వేసుకుని బస్టాండుకు ఆటో ఎక్కింది.

కాగల కార్యం గంధర్వులే తీర్చారు. నవీన ఎగిరి గంతెయ్యాలి నిజానికి. వెయ్యలేదు. కాసేపు ఆటో వెళ్ళిన వైపే చూసి, విసురుగా బొలేరో ఎక్కి తలుపు వేసింది.

"వద్దనాల్సింది నేను. ఆమె వద్దనుడేంది?" అని మొదలుపెట్టింది.

గొల్లపల్లి చేరేదాకా ప్రకాష్‌కు హారన్ కొట్టవలసిన పని పడలేదు.