గాలిమోటర్ తరఫున

ఆ ఉదయం భాస్కర్ రావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కోరుట్లలో ఉప్మా తిని, తన పాత వ్యానులో కూతురు దీక్షితను ఎక్కించుకోవడం. జగిత్యాలలో టైర్ల దుకాణం చాంద్ పాషాను కలుపుకోవడం. వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరి, మధ్యాహ్నానికల్లా కూతురిని వేదిక ఎక్కించడం. సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు, పైగా ఆ రోజు బంద్. అయినా తానూ ఉద్యమకారుడే కదా, తననెవరు ఆపుతారని ఆయన ధీమా.

సిరిసిల్ల దీక్షా శిబిరంలో యువజన సంఘం వాళ్ళు వక్తృత్వ పోటీ పెట్టారు. రైలు మేలా, విమానం మేలా? ఏది తొందరగా చేరుస్తుంది, ఏది తక్కువ పొగ వదులుతుంది? రైలు జగిత్యాల దాకా వచ్చి అలసిపోయి ఆగింది. కోరుట్ల ఇంకా ఎదురుచూస్తోంది. సిరిసిల్లకు పట్టాల ఊసే లేదు. ఇక విమానమంటారా, మూడు ఊళ్ళకూ అది తలెత్తి చూసేదే. లేనివాటి గురించే మనుషులు బాగా మాట్లాడతారని సంఘం వాళ్ళ నమ్మకం కాబోలు.

రైలు పక్షం దీక్షితది, విమానం పక్షం ఆమె స్నేహితురాలు, చాంద్ పాషా కూతురు లుబ్నాది. నిరుడు కాలేజీ వేదిక మీద దీక్షితకు నోట మాట రాలేదు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆ పిల్ల హాజరు పలకడానికి కూడా చెయ్యెత్తడమే తప్ప నోరు విప్పలేదు. లుబ్నా బతిమాలగా బతిమాలగా ఈసారి సరేనంది. ఈ రోజు గనక తప్పిపోతే కూతురు ఇక జన్మలో నలుగురి ముందు మాట్లాడదని భాస్కర్ రావు భయం. పైకి చెప్పలేదు గానీ ఉప్మా సగంలోనే వదిలేశాడు.

బయల్దేరబోతుండగా దీక్షితకు లుబ్నా ఫోన్ చేసింది. ఆమె మొన్ననే సిరిసిల్లలో మేనత్త రషీదాబీ ఇంటికి వెళ్ళింది. వేదిక మీద చూపించడానికి అట్టతో చేసిన విమానాన్ని జగిత్యాల ఇంట్లోనే మరచిపోయిందట. "అబ్బాకు జెర చెప్పవే, ఫోన్ కలుస్తలేదు" అంది. ఆ కబురు అందించే పని భాస్కర్ రావు తీసుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

ఎందుకంటే, ఉద్యమం ఊపందుకున్న దగ్గరనుంచీ ఆయన పుస్తకాల తెలుగు మానేశాడు. ఇంట్లో ఎవరైనా ఉల్లిపాయ అంటే ఉల్లిగడ్డ అని దిద్దేవాడు. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని కూడా దిద్దేవాడు గానీ ఆమె వినేది కాదు. అలాంటి మనిషి నోట విమానమన్న మాట వస్తుందా?

"చాంద్ భాయ్, లుబ్నకు గాలిమోటర్ కావాల్నట. మర్చిపోకుంట తీస్కరా!" అని దుకాణం నంబరుకు ఫోన్ చేసి అరిచాడు.

"గాలిమోటరా సార్?"

"ఔ, గాలిమోటరే. గది లేకుంటే పోటీల ఏం మాట్లాడ్తది?"

అవతల చాంద్ పాషా ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. "తెస్త సార్. పానం బోయినా తెస్త."

పక్కనే ఉన్న కౌసల్య భర్తను ఎగాదిగా చూసింది. "విమానమంటే మీ నోరేమన్న అరుగుతదా?"

"మా తాత గాలిమోటరే అన్నడు."

"మీ తాత దాన్ని సూడనే లేదు."

తాతల మాట ఎలా ఉన్నా, బతుకంతా టైర్లకు గాలి కొట్టిన చాంద్ పాషాకు గాలిమోటర్ అంటే ఒకటే. దుకాణం ముందు దడదడలాడే కంప్రెసర్. దీక్షితది రైలు పక్షమని మాత్రమే ఇదివరకు విన్నాడు. రైలు గొప్పదా గాలిమోటర్ గొప్పదా అని పోటీ పెట్టారనీ, కన్నబిడ్డ తన పని తరఫున నిలబడి మాట్లాడబోతోందనీ అతనికి అప్పుడే తెలిసింది. వెంటనే పండుగకు కుట్టించుకున్న షేర్వానీ తొడిగాడు.

జగిత్యాలలో భాస్కర్ రావు వ్యాను ఆపేసరికి చాంద్ పాషా ట్రాలీ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. ట్రాలీలో తాడిపత్రి పట్టా కప్పి, తాళ్ళతో బిగించిన ఆకారమొకటి బర్రెదూడంత ఉంది.

"గింత పెద్దగున్నదేంది!"

"చిన్నదైతే ఏం పనికస్తది సార్? లారీ అచ్చినా తట్టుకోవాలె."

"సప్పుడు గూడ జేస్తదా?"

"సప్పుడు లేకుంటే గదేం గాలిమోటర్? బజారంత ఇనవడాలె. డీజిల్ గూడ నిండ పోసిన."

అట్ట విమానానికి డీజిల్ ఇంజన్ బిగించిన పిల్ల ముందు తన కూతురు ఏం నిలుస్తుందని భాస్కర్ రావు గుండె జారిపోయింది. "పొద్దుగాల లేస్తె నేను ముట్టేది గిదే సార్. బిడ్డకు గిదే యాదికచ్చింది సూడుండ్రి" అంటూ చాంద్ పాషా కళ్ళొత్తుకున్నాడు. ఆ ఏడుపెందుకో భాస్కర్ రావుకు అర్థం కాలేదు. సమ్మె రోజుల్లో ఎవరి కష్టాలు వారివి అనుకుని బండి కదిలించాడు.

వేములవాడ పొలిమేరలో రోడ్డు మీద పొయ్యిలు వెలుగుతున్నాయి. బీడీలు చేసే ఆడవాళ్ళు మొగిలవ్వ నాయకత్వంలో వంటావార్పు పెట్టారు. బంద్ నాడు తిరిగిన బండిని ఆపి, టైర్లలో గాలి తీసేయడం ఆమె నియమం. అప్పటికే లారీలూ జీపులూ రోడ్డు పక్కన చతికిలబడి ఉన్నాయి.

"మేం గూడ ఉద్యమకారులమే అక్కా. జై తెలంగాణ!" అన్నాడు భాస్కర్ రావు.

"జై తెలంగాణ!" అని మొగిలవ్వ అంతకంటే గట్టిగా అంది. అదే ఊపులో వ్యాను ముందు టైరు సుయ్యిమంది.

"అయ్యో, సిరిసిల్ల శిబిరానికే పోతున్నమక్కా! నమ్మకపోతె సూడుండ్రి, గా ట్రాలీల గాలిమోటర్ గూడ ఉన్నది!"

గరిటెలు ఆగిపోయాయి. మొగిలవ్వ నడుము మీద చెయ్యి వేసుకుంది. "ఏమన్నవ్? మేము గాలి తీసుడు, నువ్వు ఎనుకనే కొట్టుకుంట వచ్చుడా?"

ఎవరో తాడిపత్రి లాగేశారు. ఎర్ర ట్యాంకు, చుట్ట చుట్టిన పైపు బయటపడ్డాయి. రెక్కలు ఎక్కడా లేవు.

"చాంద్ భాయ్, గిదేంది?"

"గాలిమోటర్ సార్."

"గాలిమోటరంటే విమానమయ్యా!"

"విమానమైతే విమానమని చెప్పాలె గద సార్" అన్న చాంద్ పాషాకు ఒక్క క్షణం ఆగి అసలు సంగతి తట్టింది. "అయితె నా బిడ్డ మాట్లాడేది..."

"విమానం గురించే."

చాంద్ పాషా మొహం చూసి భాస్కర్ రావుకు తన తాత మీద మొదటిసారి కోపం వచ్చింది.

ఈలోగా "గాలిమోటర్ దొరికింది" అన్న కేక గుంపు వెనక్కి పాకింది. అక్కడున్న ముసలవ్వలకు భాస్కర్ రావు తాత భాషే వచ్చు. "గాలిమోటర్ దిగిందట" అన్నారు. ఊళ్ళోకి చేరేసరికి అది హెలికాప్టర్ అయింది. హెలికాప్టర్ ఉన్నాక అందులో మంత్రి లేకుండా ఎలా ఉంటాడు? నిలదీద్దామని కొందరు, చూద్దామని కొందరు, అర్జీ ఇద్దామని కొందరు ఉరికొచ్చారు. గుడి దగ్గర తలనీలాలిస్తున్న భక్తులు సగం గుండుతోనే లేచి వచ్చారు. వాళ్ళ వెనక ఎస్సై జీపు వచ్చింది.

"మంత్రిగారెక్కడ?" అంటూ ఎస్సై టోపీ సర్దుకుని చుట్టూ చూశాడు. మంత్రి లేడు. తిరిగి చూసుకునేలోపు జీపు టైర్లలో గాలి కూడా లేదు.

"గీ మోటర్ ఎవలది? ముందుగాల నా జీపుకు గాలి కొట్టు!"

"కొట్టు, సూస్త" అంది మొగిలవ్వ గరిటె ఎత్తి.

చాంద్ పాషా అటు ఎస్సైనీ ఇటు గరిటెనూ చూసి, కంగారులో ఇంజన్ తాడు లాగాడు. నల్లటి పొగ లేచి అందరినీ కమ్మేసింది. దగ్గులు, తిట్లు, కేకలు. పోటీ వేళ దాటిపోతోంది. భాస్కర్ రావు కూతురి వైపు చూడలేక తల దించుకున్నాడు.

అప్పుడు ఇంజన్ చప్పుడు ఆగింది. ఆపింది దీక్షితే. ట్రాలీ ఎక్కి ట్యాంకును పట్టుకుని నిలబడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"గింత పొగ... ముగ్గురు మనుషుల కోసం" అంది చివరికి. "రైలైతే ఒక్క పొగల ఊరంతటిని మోస్తది. విమానం తొందరగ పోతది, నిజమే. గని మనను పట్నంల దించుతది. ఆడికెళ్ళి ఇంటికి మల్ల బస్సే కావాలె. ఆ బస్సేమో బంద్!"

ఎవరో నవ్వారు. దీక్షిత ఆగలేదు.

"మొగిలవ్వా, నువ్వు ఎవ్వల గాలైనా తీస్తవు. రైలు గాలి తియ్యగలవా? దానికి టైర్లే ఉండయి! మన సిరిసిల్లకు రైలుంటే నేనీపాటికి పోటీల ఉందును."

సగం గుండ్లతో సహా అందరూ పడిపడి నవ్వారు. ఈసారి నవ్వు ఆమె మీద కాదు, ఆమెతో కలిసి. భాస్కర్ రావుకు కళ్ళు మసకబారాయి. పొగ వల్లే అనుకున్నాడు గానీ, పొగ ఎప్పుడో పోయింది.

మొగిలవ్వ చెంగుతో మొహం తుడుచుకుంది. "పిల్ల బండికి గాలి కొట్టుండ్రి. నేను గూడ అస్త, ఇంక ఏమేం మాట్లాడ్తదో వింట."

"మరి నా జీపు?" అన్నాడు ఎస్సై.

"జై తెలంగాణ అను."

ఎస్సై అటూ ఇటూ చూసి గొణిగాడు. గొణిగినంత మేరకే, రెండు టైర్లకు గాలి కొట్టించింది మొగిలవ్వ.

సిరిసిల్ల చేరేసరికి శిబిరం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. న్యాయనిర్ణేతల కారు తంగళ్ళపల్లి అవతల గాలి లేక కూలబడిందట. రోడ్డు మీద అంత తీర్పు చెప్పి వచ్చిన మనిషి ఉండగా వేరే వాళ్ళెందుకని సంఘం వాళ్ళు మొగిలవ్వనే కుర్చీలో కూర్చోబెట్టారు. అట్ట విమానం లేకుండానే లుబ్నా దంచింది. దీక్షిత మళ్ళీ మాట్లాడింది, ఈసారి ట్యాంకు పట్టుకోకుండా.

"రైలు మంచిదే బిడ్డా, గని ఇంక రాలే" అంది మొగిలవ్వ లేచి. "విమానం మంచిదే, గని మనకోసం దిగదు. గీ పొద్దు మనల్ని ఈడికి తెచ్చింది గా గాలిమోటర్." సన్మానం శాలువా తీసుకెళ్ళి ఎర్ర ట్యాంకుకు కప్పింది.

షేర్వానీలో చాంద్ పాషా దాని పక్కనే నిటారుగా నిలబడ్డాడు. లుబ్నా వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. "వచ్చేపారి నీ మోటర్ గురించే మాట్లాడ్త అబ్బా." అతను ట్యాంకు మీది శాలువాను మళ్ళీ సర్దాడు.

ఓడిపోయిన దీక్షిత కోరుట్ల దాకా ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. భాస్కర్ రావుకు సందు దొరకలేదు, దొరకాలని కోరుకోనూ లేదు. గుమ్మంలోనే కౌసల్య అడిగింది, "ఎవలు గెలిచిండ్రు?"

"గాలిమోటర్."

"అంటే లుబ్ననా?"

ఆ రోజు నుంచి భాస్కర్ రావు విమానాన్ని విమానమనే అంటున్నాడు.