మూడు ఫోర్కుల కుట్ర కేసు

"అక్కా, ఈ భూమ్మీద అసలైన మెదడున్నవాళ్ళు ఇద్దరే. ఆ రెండోవాడెవడో ఇంకా నాకు దొరకలేదు" అని ప్రకటిస్తూ మా తమ్ముడు గ్యారేజీలో అడుగుపెట్టాడు. ఆ అడుగు నేరుగా గుమ్మం పక్కనున్న నూనె పళ్ళెంలో పడింది. అతను బయటికి వచ్చాడు గాని చెప్పు రాలేదు.

నీటిపన్నుల కార్యాలయంలో పదవీ విరమణ చేసిన మర్నాటి నుంచీ అతను డిటెక్టివుగా చలామణీ అవుతున్నాడు. మొదటి కేసు పొరుగింటివారి పిల్లి తప్పిపోవడం. పరిశోధన ముగిసేసరికి పిల్లి దొరికింది, పొరుగువారితో మాటలు పోయాయి. రెండో కేసు గురించి మా కుటుంబంలో ఎవరమూ మాట్లాడుకోము.

ఈసారి కేసు మా మనవరాలిది. ఆ పిల్ల రేసు బైకులు నడుపుతుంది. కొంతకాలంగా బ్రేకు పట్టగానే ఆమె బండి ముందుభాగం మొండికేసి నిలబడి, ఆనక ఒక్కసారిగా కూలబడుతోంది. మలుపులో అలా కూలబడే చక్రాన్ని ఎవరూ నమ్మలేరు. నమ్మకం లేనివారు ముందుగానే బ్రేకు పడతారు. ముందుగా బ్రేకు పట్టినవారు వెనకబడతారు. కనుక ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఆ రెండు గొట్టాల ఫోర్కును మార్చాలని నిర్ణయించి, దుకాణం నుంచి మూడు రకాలు పరీక్షకు తెప్పించారు. ఒకటి పాత గొట్టాల్లోనే కొత్త స్ప్రింగులు వేసి చిక్కటి నూనె పోసుకునేది. రెండోది లోపలి యంత్రాంగమంతా మార్చేది. మూడోది బంగారు రంగులో ధగధగలాడుతూ, ధర వింటే కూర్చోవలసివచ్చే సంపూర్ణ ఫోర్కు.

మూడూ బిగించి చూశారు. మూడూ ఒకేలా మొండికేశాయి.

టీము మేనేజరు తేల్చేశాడు. "మూడు రకాల ఫోర్కులకీ ఒకే రోగం ఎలా వస్తుందమ్మా? రోగం నడిపే మనిషిది. పాత ఫోర్కే మళ్ళీ వేయించాను. ఈ సాయంత్రం ఆఖరి పరుగు. అప్పుడూ ఇంతే అయితే నీ సీటు ఇంకొకరికిస్తా."

టీములో మిగిలింది ఆ ఒక్క సీటే. ఎప్పుడూ గలగలలాడే పిల్ల హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది. అది చూసిన బలహీన క్షణంలోనే మా తమ్ముడికి ఫోన్ చేశాను. దాని పర్యవసానాలన్నిటికీ బాధ్యత నాదే.

"ఫోర్కు అంటే బండి సస్పెన్షన్‌రా, దాని సంగతి నీకేం తెలుసు?" అన్నాను.

"సస్పెన్షన్ గురించి నాకు చెప్పకు. సర్వీసులో రెండుసార్లు అనుభవించాను" అని అతను భూతద్దం తీశాడు.

బండి ముందూ వెనకా రెండు స్టాండ్ల మీద నేలకు జానెడెత్తున నిలబడి ఉంది. ఫోర్కు గొట్టానికి చుట్టిన చిన్న ప్లాస్టిక్ పట్టీ దగ్గర భూతద్దం ఆగింది.

"హహ్! ముఠా గుర్తు!"

"గొట్టం ఎంత లోపలికి దిగిందో తెలియడానికి మేమే కట్టుకున్నాం సార్" అన్నాడు మెకానిక్.

"అలా అని నిన్ను నమ్మించిందెవరు?" అంటూ మా తమ్ముడు దాన్ని కత్తిరించి జేబులో వేసుకున్నాడు. "చక్రం బిగించేదెవరు?"

"నేనే సార్."

"సాక్షులు?"

"చక్రం."

"పద్ధతి?"

మెకానిక్ ఛాతీ కాస్త పొంగింది. "బండి నేలకు దిగేలోపు ఒక్క బోల్టు కూడా వదులుగా ఉండకూడదు సార్. మా గురువు మాట. గాల్లో ఉండగానే అన్నీ బిగిస్తా, ఇంకోసారి చూస్తా, అప్పుడే దించుతా. ఇన్నేళ్ళలో నేను బిగించిన చక్రం ఒక్కటీ ఊడలేదు."

మా తమ్ముడు మనవరాలివైపు తిరిగాడు. "నీకు శత్రువులెవరైనా ఉన్నారా?"

"ఆఖరి మలుపు."

"పూర్తి పేరు చెప్పు."

"తాతా!"

మెకానిక్ టీ కోసం వెళ్ళగానే డిటెక్టివు గొంతు తగ్గించాడు. "అక్కా, ముద్దాయిలు ముగ్గురూ వేర్వేరు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నదేది? ఇరుసు! అది లోపల బోలు. బోలుగా ఉన్నదాంట్లో ఎవడో ఒకడు ఏదో ఒకటి దాస్తాడు. దుకాణంవాడు అందులో రేడియో యంత్రం పెట్టి, దూరం నుంచి మీట నొక్కుతున్నాడు."

బోలుగా ఉన్నవాటన్నిట్లోనూ ఏదో ఒకటి ఉంటుందన్న సిద్ధాంతానికి ప్రత్యక్ష ఖండన అతని మెడమీదే ఉందని నేను అనలేదు.

అంతలో అతను రెంచి అందుకుని, ఫోర్కు కాలి, అంటే ఒక గొట్టపు, అడుగున ఇరుసును పట్టి బిగించే బోల్టును వదులు చేసేశాడు. ఇరుసును బయటికి లాగడం ఎలాగో మాత్రం అతనికి తెలియలేదు. మూతి బిగించి లాగాడు, రాలేదు. బయట మెకానిక్ అడుగుల చప్పుడైంది. పట్టుబడిన దొంగ ఏదో ఒకచోట దాక్కుంటాడు. మా తమ్ముడు మాత్రం నేరం జరిగిన బండిమీదకే ఎక్కి, రేసుకు బయల్దేరేవాడిలా వంగి కూర్చున్నాడు.

అతని శరీరం అతని కీర్తికంటే బరువైనది. ముందు స్టాండు జారింది. చక్రం దబ్బున నేలకు దిగింది. వెనక స్టాండు బండిని నిలబెట్టింది గాని మా తమ్ముడి ధైర్యాన్ని నిలబెట్టలేకపోయింది. ముందు బ్రేకును రెండుచేతులా పట్టుకుని "అక్కోయ్!" అని అతను పైకీ కిందికీ ఊగుతూంటే, ఫోర్కు అతనితోపాటే మునుగుతూ తేలుతూ వచ్చింది.

"దిగండి సార్, దిగండి!" మెకానిక్ టీ గ్లాసులు పక్కనపడేసి పరుగెత్తుకొచ్చాడు. "ఈ బోల్టు ఎవరు వదులు చేశారు?"

"చట్టం" అన్నాడు మా తమ్ముడు ఆయాసపడుతూ.

బయట మేనేజరు కేకలు వేస్తున్నాడు. బండిని మళ్ళీ స్టాండెక్కించే వ్యవధి లేదు. మెకానిక్ పళ్ళు నూరుకుంటూ, చక్రం నేలమీద ఉండగానే బోల్టు బిగించి, తక్కినవన్నీ సరిచూసి బండిని అప్పగించాడు.

మేము కంచె దగ్గర నిలబడ్డాం. ఆఖరి మలుపులో మనవరాలు ఎప్పుడూ బ్రేకు పట్టే చోటు దాటిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె మలుపు దాటి, తిన్నని దారిలో దూసుకుపోతోంది.

మేనేజరు స్టాప్‌వాచీని చూశాడు, విదిలించాడు, మళ్ళీ చూశాడు.

ఆ పిల్ల వచ్చి హెల్మెట్ తీస్తూనే మెకానిక్‌ను చూసి అరిచింది. "ఏం చేశావన్నా? ఫోర్కు వెన్నలోకి దిగినట్టు దిగుతోంది!"

"సీటు నీదే" అన్నాడు మేనేజరు. నేనక్కడ ఉన్నానని గుర్తొచ్చి "క్షమించండమ్మా" అని కూడా అన్నాడు.

"నేను ఇరుసును ముట్టుకున్నానో లేదో, దుకాణంవాడు అక్కడ రేడియో కట్టేశాడు" అన్నాడు మా తమ్ముడు.

మెకానిక్ మాత్రం ముందుచక్రం ఎదుట గొంతుక్కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, బండిని స్టాండెక్కించి, తన పద్ధతిలో బోల్టు వదిలి, గాల్లోనే బిగించి, దించి నొక్కాడు. ఫోర్కు మొండికేసింది.

కారణం ఇదీ. చక్రం గాల్లో ఉండగా బిగిస్తే ఫోర్కు కాలు ఇరుసుమీద ఎక్కడుంటే అక్కడే, కాస్త ఒంకరగా, బంధింపబడుతుంది. రెండు గొట్టాలూ సమాంతరంగా ఉండవు, అందుచేత లోపల పట్టేస్తాయి. బోల్టు వదులుగా ఉండగా బరువుతో ఊపితే కాలు తన చోటికి తనే సర్దుకుంటుంది, బిగించవలసింది అప్పుడు. ఏ ఫోర్కు వేసినా అదే జాగ్రత్త గల చెయ్యి అదే ఒంకరలో బిగించింది. మేము పోల్చింది మూడు ఫోర్కులను కాదు, ఒకే బోల్టును మూడుసార్లు.

"తప్పు నాదే పాపా" అన్నాడు మెకానిక్.

"నాది కాదని తెలిసింది, అది చాలన్నా" అంది మనవరాలు. "ఇప్పుడు ఆ మూడూ మళ్ళీ వేసి చూద్దాం."

చూశారు. ఈసారి మూడింటికీ మూడు స్వభావాలున్నాయి. స్ప్రింగుల రకం ఆమె బరువుకు చక్కగా సరిపోయింది. లోపలి యంత్రాంగం మార్చినది గతుకుల్లో మెరుగు. బంగారు ఫోర్కు అన్నిట్లోనూ మేలేగాని, దానికున్న అహంకారమంతటినీ వాడుకునేంత వేగం తనకింకా రాలేదని మనవరాలే ఒప్పుకుంది. స్ప్రింగులు ఉంచుకుని తక్కినవి తిప్పి పంపారు.

ఈ పరీక్షల్లో చక్రం బిగించిన ప్రతిసారీ మెకానిక్ మా తమ్ముడికి కబురంపాడు. ఇప్పటికీ పంపుతూనే ఉన్నాడు. అతను భూతద్దం పట్టుకుని హుటాహుటిన వెళ్ళి, బండెక్కి, బ్రేకు పట్టి, గంభీరంగా పైకీ కిందికీ ఊగుతాడు. మెకానిక్ కిందనుంచి బోల్టు బిగిస్తాడు.

"చూశావా అక్కా, నా మెదడు లేనిదే ఇక్కడ చక్రం కదలదు" అన్నాడు మొన్న, ఊగుతూనే.

"నిజమేరా. ఇంకాస్త గట్టిగా ఆలోచించు" అన్నాను.