ఓడకు నాలుగో మనిషి

ఆ శనివారం పొద్దున కళావతి పెట్టుకున్న పని ఒక్కటే. ఇడ్లీలు ఉడికేలోగా ఓడ ఖాయమైపోవాలి.

సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లోని ఆ మూడో అంతస్తు అద్దె ఫ్లాటులో నెల రోజులుగా ఓడల మాట తప్ప వేరే మాట లేదు. కూతురు కిరణ్మయి పక్కనున్న పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు. జనవరి మొత్తంలో ఆమెకు దొరికింది ఒక్క వారం సెలవు. మనవరాలు గీతిక నర్సింగ్ చదువు ముగించి, ఫిబ్రవరిలో వేరే రాష్ట్రంలోని టూవూంబాలో ఉద్యోగంలో చేరబోతోంది. ఆ వారం దాటిందంటే మళ్ళీ అందరూ ఒకచోట చేరేది ఎప్పుడో చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

కళావతికి వీడ్కోళ్ళంటే పడదు. ఆవిడ భర్త స్టేషన్ మాస్టరుగా చేశాడు. సంసారమంతా ప్లాట్‌ఫారం పక్క క్వార్టర్సులోనే సాగింది. వంటింటి కిటికీ తెరిస్తే చాలు, కదిలే రైలు వెంట నడుస్తూ "చేరగానే ఉత్తరం రాయి" అని కళ్ళొత్తుకునేవాళ్ళు ఎవరో ఒకరు కనిపించేవారు. వాళ్ళెవరో తెలియకపోయినా ఆరోజు ఆవిడ కూరలో ఉప్పు ఎక్కువయ్యేది. ఆ తరవాత కిరణ్మయిని విమానాశ్రయం అద్దాల తలుపు అవతలికి పంపినప్పుడు, ఆయన్ని ఇంకా అవతలికి పంపినప్పుడు, ఒడ్డున మిగలడం ఎలా ఉంటుందో సొంతంగానే తెలిసింది. అందుకే ఓడ కావాలంది. ఓడెక్కితే వారంపాటు ఎవరూ డ్యూటీకి పోలేరు, ఎవరూ మధ్యలో దిగిపోలేరు. చుట్టూ నీళ్ళే.

"సో, బేసిగ్గా జైలు," అంది గీతిక.

"అదేనే నాకు కావలసింది," అంది కళావతి.

చివరికి రెండు ఓడలు మిగిలాయి. రెండూ సిడ్నీ నుంచే బయల్దేరతాయి. 'కోరల్ డచెస్' ఊరంత ఉంటుంది. అందులో జారుడు బల్లలు, పాటల పోటీలు, తెల్లవార్లూ తెరిచి ఉండే పిజ్జా కొట్టు. గీతిక ఓటు దానికి. 'టాస్మన్ జ్యువెల్' చిన్నది, నెమ్మదైనది. అందులో కిటికీ పక్క కుర్చీలున్న గ్రంథాలయం ఉంది. ముందు వెళ్ళొచ్చిన వాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ భూతద్దం పెట్టి చదివి కళావతి దానికి ఓటేసింది. కిరణ్మయి మాత్రం, "ఎందులో మంచం మెత్తగా ఉంటే అందులో పడేయండి," అంది.

ఇక అల్లుడు ఉపేంద్ర. ఆయన లెక్కలోనే లేడు. సిడ్నీ వచ్చిన కొత్తలో మ్యాన్లీ ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డు వచ్చేదాకా తల బయటపెట్టే ఉన్నాడు. అప్పటినుంచి స్నానాల తొట్టిలో నీళ్ళు కదిలినా కళ్ళు తిరుగుతాయని చెబుతాడు. కాబట్టి ఆయన్ని ఎవరూ అడగలేదు. కళావతి అసలే అడగలేదు. ఆవిడ అల్లుడితో సూటిగా మాట్లాడే అలవాటు లేని మనిషి. "మీ ఆయన కాఫీ తాగుతారేమో కనుక్కో," అని కూతుర్ని అడిగేది. ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని, "తాగుతానని చెప్పు," అనేవాడు.

అమ్మమ్మ మాటే నెగ్గింది. టాస్మన్ జ్యువెల్‌లో ముగ్గురికి గది ఖాళీ ఉంది. గీతిక వేలు బుకింగు మీట మీదకు వెళ్ళింది.

"ఆగు!" అంది కళావతి. "ముగ్గురం."

"అవునమ్మమ్మా. నువ్వు, అమ్మ, నేను. త్రీ."

"ముగ్గురు కలిసి బయల్దేరకూడదు."

గీతిక తల్లి వంక చూసింది. కిరణ్మయి నోట్లో ఇడ్లీ ఉండటంతో సాయం రాలేకపోయింది. "అమ్మమ్మా, షిప్‌లో సిక్స్ హండ్రెడ్ పీపుల్ ఉంటారు!"

"వాళ్ళు మనింట్లోంచి బయల్దేరట్లేదుగా."

"పోనీ, తాతగారు జేబులో రాయి వేసుకునేవారని చెప్పావు కదా? ముగ్గురు వెళ్ళాల్సొస్తే? రాయే ఫోర్త్ పర్సన్."

"అది బస్సుకే. సముద్రం మీదకు రాయేంటే? మునిగేది అదే కదా!"

దానికి ఎదురు చెప్పడానికి నర్సింగ్ చదువు సరిపోలేదు. నాలుగో మనిషి కావాలి.

పక్క ఫ్లాటులో ఉండే నీలిమ కళావతికి వెంటనే గుర్తొచ్చింది. మంచి పిల్ల, మితభాషిణి. జనవరిలో ఆమె భర్త రామ్మోహన్ పెదనాన్న కూతురి పెళ్ళికి విజయవాడ వెళ్తున్నాడు. అంటే నీలిమ ఒంటరిగా ఉంటుంది. కళావతి వెళ్ళి అడిగింది. నీలిమ ఒక్క క్షణం తటపటాయించి, "మీరు పిలిస్తే రాకుండా ఉంటానా ఆంటీ?" అంది. అక్కడితో ఆగాల్సింది. కానీ భర్త ఎదురుగా కూర్చుని ఉండగా భార్యనొక్కదాన్నే పిలవడం ఏం బాగుంటుంది? "మీరూ వస్తే ఎంత బాగుండేదో బాబూ," అంది కళావతి. రాలేడని తెలుసు కాబట్టే అడిగింది. అలా అడగడం మర్యాద. అయ్యో కుదరదండీ అనడం అవతలివాళ్ళ మర్యాద. రామ్మోహన్ ఆ రెండో సగం మరిచిపోయాడు.

"మీరంతగా అంటుంటే... పెళ్ళిదేముంది ఆంటీ, వీడియోలో చూసేస్తా!"

సాయంత్రానికల్లా 'జనవరి జలయాత్ర' అని వాట్సాప్ గ్రూపు పుట్టింది. కూరగాయల కొట్టులో రామ్మోహన్ ఈ సంగతి చెబుతుంటే పక్కన బెండకాయలు ఏరుతున్న దంపతులు విన్నారు. విన్నవాళ్ళను రమ్మనకుండా ఎలా ఉంటాడు? పిలిచాడు. వాళ్ళు వస్తామన్నారు. గీతిక కొన్నాళ్ళు టూవూంబాలో దూరపు బంధువు ద్వారకానాథ్ గారింట్లో ఉండబోతోంది. వాళ్ళకు చెప్పకుండా ఓడెక్కితే రేపు పిల్ల వాళ్ళింట్లో అన్నమెలా తింటుంది? కళావతి ఫోను చేసి, "మీ ఇంటిల్లిపాదీ రావాలి," అంది. ఇంటిల్లిపాదీ వస్తామన్నారు. ఆ ఇంటిల్లిపాదిలో వాళ్ళ వియ్యాలవారు కూడా ఉన్నారని తరవాత తెలిసింది.

మెల్‌బోర్న్‌లో, ట్రుగనీనాలో, రామ్మోహన్ స్నేహితుడు శివప్రసాద్ ఉన్నాడు. ఓడలెక్కి దిగడమే ఆయన సరదా. ఆయన్ని సలహా కోసం గ్రూపులో చేర్చారు. సలహా ఇస్తూ ఇస్తూ తన వీధిలోని నాలుగు కుటుంబాలను కూడా చేర్చాడు. అక్కడినుంచి ఓడ ఎంపిక కళావతి చేతుల్లోంచి జారిపోయింది. ట్రుగనీనావాళ్ళు ఓడ మెల్‌బోర్న్ నుంచే కదలాలన్నారు. టూవూంబావాళ్ళు బ్రిస్బేన్ అన్నారు. ఓటింగు పెట్టారు. ఫలితం నచ్చనివాళ్ళు మళ్ళీ ఓటింగు పెట్టారు. ఎవరో, "రైస్ కుక్కర్ అలో చేస్తారా?" అని అడిగారు. ఓడ గదుల్లోకి పొయ్యి, కుక్కరు లాంటివి రానివ్వరని తెలిసి గ్రూపు రెండుగా చీలింది. ఓడవాళ్ళు వండే అన్నం విడివిడిగా ఉంటుందనీ, పెరుగులో కలవదనీ ఒక వర్గం. వారం రోజులు బ్రెడ్డు తింటే ఎవరూ చావరని రెండో వర్గం.

కళావతి మాత్రం పట్టు వదల్లేదు. ఎంతమందైనా రానీ, ఏ రేవు నుంచైనా కదలనీ. తనవాళ్ళిద్దరూ తన కళ్ళ ముందుంటే చాలు. రోజూ గ్రూపులో ఒకే ఒక్క మాట పెట్టేది: "మేము ముగ్గురం ఒకే గది." దాని కింద అందరూ నమస్కారాల బొమ్మలు పెట్టేవారు. ఎవరూ చదివేవారు కాదు.

తరవాతి ఆదివారం పారమటా పార్కులో ఆఖరి సమావేశం పెట్టారు. సిడ్నీవాళ్ళంతా అక్కడివాళ్ళు 'బార్బీ' అనే బార్బెక్యూ పొయ్యి దగ్గర చేరారు. వేడెక్కిన పలక మీద రేకు పరిచి, ఉపేంద్ర ఒక పక్క మొక్కజొన్న కంకులు, ఇంకో పక్క పనీరు కాలుస్తున్నాడు. శివప్రసాద్ మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్లో, రామ్మోహన్ ఫోన్లో, సాస్ సీసాకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆంటీ, గుడ్ న్యూస్!" అన్నాడు సీసా దగ్గర్నుంచి. "సిడ్నీ నుంచే ఫిక్స్. కానీ మనం ఇంతమందిమి అయ్యేసరికి ఒకే షిప్‌లో రూమ్స్ లేవు. సో, రెండు షిప్పులూ తీసుకుంటున్నాం! పెద్దవాళ్ళంతా టాస్మన్ జ్యువెల్. లైబ్రరీ, సైలెన్స్, మీకు పర్ఫెక్ట్. యంగ్‌స్టర్స్ అంతా కోరల్ డచెస్. పిల్లలు ఆ స్లైడ్ల మీద ఎముకలు విరగ్గొట్టుకుంటారు కాబట్టి డాక్టర్ కిరణ్మయి గారు వాళ్ళతో."

"మరి నేనెవరితో?" అంది కళావతి.

"మీకు మా అత్తగారు రూమ్మేట్. కొంచెం గురక, అంతే. అసలు హైలైట్ చెప్పలేదు ఆంటీ! రెండు షిప్పులూ ఒకే ఈవెనింగ్ కదులుతాయి. హార్బర్‌లో ఎదురెదురుగా కనిపిస్తాయి. డెక్ మీద నిలబడి చక్కగా టాటా చెప్పుకోవచ్చు! రేపు పొద్దున్నే బుక్ చేసేస్తున్నా."

కళావతి చేతిలో మొక్కజొన్న కంకి ఆగిపోయింది. ఒకటి కాదు, రెండు ఓడలు. ఒకదాని మీద తను, ఇంకోదాని మీద కూతురూ మనవరాలూ. మధ్యలో నీళ్ళు. చెయ్యి ఊపడం. నెలరోజులు భూతద్దం పట్టుకుని ఏరుకున్న ప్రయాణం చివరికి ఆ పాత ప్లాట్‌ఫారానికే తెచ్చి దింపింది.

ఆవిడ లేచి నిలబడింది. "మేం రావట్లేదు," అంది.

"అమ్మా," అని కిరణ్మయి చెయ్యి పట్టుకుంది.

"వదులు. మీరంతా హాయిగా వెళ్ళిరండి. మేం ముగ్గురం వేరే వెళ్తాం."

"అదేంటి ఆంటీ, పిలిచిందే మీరు కదా!" అన్నాడు రామ్మోహన్.

"అవును బాబూ. మర్యాదకు పిలిచాను."

మర్యాదకు పిలవడం అందరూ చేసేదే. ఆ సంగతి వచ్చినవాళ్ళ మొహం మీదే చెప్పడం మాత్రం ఎవరూ వినలేదు. కిరణ్మయి, ఎమర్జెన్సీ వార్డులో దేనికీ బెదరని మనిషి, కళ్ళు మూసుకుంది.

ముందు తేరుకున్నది నీలిమ. "ఆంటీ... ఒకమాట చెప్పనా? నాకు నీళ్ళంటే భయం. మీరంత ప్రేమగా పిలిచారని కాదనలేక వస్తానన్నాను."

"నువ్వూ మర్యాదకేనా?" అంది కళావతి.

"ఏంటే, నీకు ఇష్టం లేదా?" అన్నాడు రామ్మోహన్. "నేను నీకోసం పెళ్ళి మానుకున్నానే! మా పెదనాన్న నాతో మాట్లాడటం మానేశాడు!"

బెండకాయల దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వారం వాళ్ళబ్బాయి క్రికెట్ క్యాంపు ఉంది, కానీ రామ్మోహన్ గారి మాట తీసెయ్యలేకపోయారట. గీతిక అప్పటికప్పుడు టూవూంబాకు ఫోను కలిపింది. ద్వారకానాథ్ గారు ఊపిరి పీల్చుకున్నది స్పీకర్లో అందరికీ వినిపించింది. "మేం రాకపోతే మీ అమ్మమ్మగారు నొచ్చుకుంటారేమో అనుకున్నామమ్మా," అన్నారాయన. ఒక్కొక్కరే బయటపడుతుంటే నవ్వులు మొదలయ్యాయి. ఎవరికీ రావాలని లేదు. శివప్రసాద్ ఒక్కడే సాస్ సీసా దగ్గర, "హలో? ఏమైంది? రైస్ కుక్కర్ గురించేనా?" అని అరుస్తున్నాడు.

ట్రుగనీనావాళ్ళు మెల్‌బోర్న్ నుంచే వేరే ఓడ చూసుకుంటామన్నారు. గ్రూపు ఖాళీ అయింది. మళ్ళీ ముగ్గురే మిగిలారు.

"ఫర్వాలేదు. ముగ్గురమే వెళ్దాం. ఏమైతే అదే అవుతుంది," అంది కళావతి. ఇంతమందిని తప్పించాక ఆచారాన్ని తప్పించడం ఆవిడకు కష్టమనిపించలేదు.

"యే, అమ్మమ్మా!" అని గీతిక ఆవిడను వాటేసుకుంది. "డాడ్ విల్ డ్రాప్ అస్. వార్ఫ్ దగ్గర నిలబడి వేవ్ చేస్తాడు. ఫోటోలు కూడా తీస్తాడు."

కళావతి తల తిప్పి చూసింది. అందరూ నవ్వుకుంటున్నారు. ఉపేంద్ర ఒక్కడే ఆ గోలకు దూరంగా నిలబడి, అంటుకుపోయిన పనీరును అట్లకాడతో గీకుతున్నాడు. కాలినవన్నీ అందరికీ పంచేశాడు. తనకని ఒక కంకి కూడా ఉంచుకోలేదు. కళావతికి రేవు కనిపించింది. ఓడ కదులుతోంది. ఈసారి పైనున్నది తను. కింద మిగిలిపోయి చెయ్యి ఊపుతున్నది ఆయన. నాలుగో మనిషి కోసం మూడు రాష్ట్రాలు వెతికింది. ఇంట్లో ఉన్న మనిషిని లెక్కపెట్టలేదు.

ఆవిడ తన కంకి పట్టుకుని నేరుగా బార్బీ దగ్గరకు వెళ్ళింది. "బాబూ," అంది.

ఉపేంద్ర వెనక్కి తిరిగి, తన వెనక ఎవరున్నారా అని చూశాడు. ఎవరూ లేరు.

"నేనేనా అత్తయ్యగారూ?"

"మీరే. మీరూ ఓడకు రావాలి."

ఉపేంద్ర అట్లకాడ కింద పెట్టాడు. "మర్యాదకా?" అన్నాడు.

"ఇందాక విన్నారుగా. మర్యాద అయిపోయింది. మీరు ఒడ్డున నిలబడితే నేను చూడలేను."

"నాకు పడదని తెలుసుగా..."

"తెలుసు. పెద్ద ఓడైతే తక్కువ ఊగుతుందని చదివాను. కింది అంతస్తులో, సరిగ్గా నడిమధ్య గది తీసుకోవాలట. అల్లం మురబ్బా నేను చేసిస్తాను. గీతికా, ఆ కోరల్ డచెస్ చూడవే. నలుగురికి."

"లైబ్రరీ వద్దా అమ్మమ్మా?"

"నాలుగు పుస్తకాలు నేనే తెచ్చుకుంటాను. బుక్ చెయ్యి."

"వస్తానని చెప్పు," అన్నాడు ఉపేంద్ర కూతురితో, అలవాటు కొద్దీ. మళ్ళీ తనే సర్దుకుని, అత్తగారి వైపు తిరిగి, "వస్తానండీ," అన్నాడు. కళావతి తన కంకిని విరిచి సగం ఆయన చేతిలో పెట్టింది.

జనవరిలో ఒక సాయంత్రం కోరల్ డచెస్ సిడ్నీ రేవు వదిలింది. అటు కూతురు, ఇటు మనవరాలు నిలబడగా కళావతి కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. రేవులో బోలెడంతమంది చేతులు ఊపుతున్నారు. ఎంత వెతికినా వాళ్ళలో తనవాళ్ళు ఒక్కరూ లేరు. ఆవిడకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ చెయ్యి నొప్పి పుట్టేదాకా టాటా చెప్పింది.

ఓడ తాళ్ళు విప్పకముందే మాత్ర వేసుకుని మంచమెక్కిన ఉపేంద్ర, తిరిగి సిడ్నీ వచ్చేదాకా రాయిలా పడి ఉన్నాడు.