సూపర్‌మార్కెట్ పెట్రోలుపై థార్న్‌విక్ తీర్మానం

థార్న్‌విక్ పాత కార్ల సంఘం కార్యవర్గ సభ్యుడి హోదాలో సవినయంగా తెలియజేయునది ఏమనగా, సూపర్‌మార్కెట్‌లో అమ్మే పెట్రోలు పేరున్న కంపెనీ బంకులో అమ్మే పెట్రోలుతో సమానంగా పనిచేస్తుందా, లేదా అన్న ప్రశ్న మా ఊళ్లో శాశ్వతంగా పరిష్కారమైంది. ఇంగ్లండులో మిగతా ఊళ్లు ఇంకా తర్జనభర్జన పడుతున్నాయని విన్నాం. వాటికి మా అనుభవం పనికొస్తే సంతోషం. పనికిరాకపోయినా మేమేమీ అనుకోము.

రెండు పెట్రోళ్లూ సముద్రం ఒడ్డునున్న ఒకే డిపో నుంచి వస్తాయన్న సంగతి మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ట్యాంకర్లు మా ఇళ్ల ముందునుంచే పోతాయి. చర్చి దగ్గర కుడివైపు తిరిగినది కంపెనీ పెట్రోలు, ఎడమవైపు తిరిగినది సూపర్‌మార్కెట్ పెట్రోలు. కంపెనీవాళ్లు ఇంజను లోపలి మురికి కడగడానికి తమ మందేదో కాస్త కలుపుతారు, దాని గురించి పెద్ద పోస్టరు వేస్తారు. సూపర్‌మార్కెట్‌వాళ్లు తమ గోడమీద కోడిగుడ్ల ధర వేస్తారు. చట్టం మాత్రం రెండింటినీ ఒకే కొలతతో కొలుస్తుంది. చట్టానికి పెద్దా చిన్నా తేడా తెలియదు గనుక మేము దాన్ని పట్టించుకోము. కుడివైపు తిరిగినదానికి గౌరవం ఉంది, ఎడమవైపు తిరిగినది చౌక. ఇంతకుమించిన శాస్త్రం మాకు ఎన్నడూ అవసరం కాలేదు.

గొడవ మొదలైంది బెరిల్ టాడ్ వల్ల. ప్రతి జూన్‌లో మా ఊరి ఉత్సవానికి పాత కార్లు ఊరేగుతాయి. సభ్యుడెవరైనా చనిపోతే ఆ ఏడాది ఆయన కారు అన్నిటికంటే ముందు నడవాలి. దాన్ని ఆయన భార్యే నడపాలి, బయలుదేరే ముందు మైకు దగ్గర ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. మిగతా ఏళ్లలో ముందు నడిచేది అధ్యక్షుడి కారు. బెరిల్ భర్త ఎర్నీ పియానోలు శ్రుతి చేసేవాడు. కోళ్లు కాపురముంటున్న ఒక డొక్కు కారును కొని, ఆదివారాలన్నీ దానికే ధారపోసి, ఆకుపచ్చ రంగు వేసి, అద్దంలా చేశాడు. ఒక్కసారి దాన్ని ఊరేగింపుకు ముందు నడపాలని ఆయనకు చాలా ఆశ. ఆ స్థానం అందుకోవడానికి పాపం చనిపోవాల్సి వచ్చింది. మొన్న చలికాలంలో ఆ పని కూడా పూర్తిచేశాడు. బెరిల్‌కు ఈ ఏడాది ఉన్న కోరికల్లా ఆ కారును ముందు నడపడమే.

మే నెలాఖరున ఊరేగింపు రిహార్సల్ జరిగింది. బడి మలుపులో ఎర్నీ కారు దగ్గింది, కాస్త నల్లపొగ కూడా వదిలింది. చల్లటి ఇంజను అందుకోవడానికి బయటికి లాగే చోకు పిడిని బెరిల్ తిరిగి లోపలికి నెట్టడం మరిచిపోయిందని మాలో ప్రతి ఒక్కరికీ ఆ క్షణమే అర్థమైంది. కానీ అడగకుండా సలహా చెప్పడం మా దగ్గర మర్యాద కాదు. అందువల్ల ఎవరూ ఏమీ అనలేదు. అధ్యక్షులు హంఫ్రీ ప్రాక్టర్ గారు మాత్రం కారు దిగి, చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చారు. ఆయన బీమా కంపెనీలో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. కారణాలు వెతకడంలో అనుభవం ఉంది.

"బెరిల్ గారూ, దీనికి ఏం పోయిస్తున్నారు?"

"పెట్రోలేనండీ."

"పెట్రోలని నాకూ తెలుసు. ఎక్కడిది అని."

"సూపర్‌మార్కెట్‌ది. ఎర్నీ ఎప్పుడూ అదే పోసేవాడు కదా. కేకు పిండికి ఎలాగూ వెళ్తాను, పనిలో పని."

ఆ మాట మా ఊళ్లో నలుగురి ముందు పైకి అన్న మొదటి మనిషి బెరిలే అయి ఉండాలి. కార్యదర్శి నైజెల్ లమ్లీ భార్య డాఫ్నీ తన కుక్కపిల్లను ఎత్తుకుని తీసుకెళ్లి కారులో కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించింది. మిగతా వాళ్లం ఆకాశంలోకి చూశాం.

మరుసటి మంగళవారం అత్యవసర సమావేశం. హంఫ్రీ గారు లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని, ఇలా సెలవిచ్చారు: "మిత్రులారా, మన కార్లు ఇనుప డబ్బాలు కావు. అవి మన పూర్వీకుల స్వభావం. ఒక స్వభావంలోకి మనం ఏది పడితే అది పోయగలమా? టిన్నుల్లో చిక్కుళ్లు అమ్మే చోట, అదే కప్పు కింద, కారుకు కావలసిన ద్రవాన్ని కూడా అమ్ముతున్నారంటే, అది ద్రవానికి అవమానమా, చిక్కుళ్లకు అవమానమా? బెరిల్ గారి మీద నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు. ఊరంతా చూస్తుండగా మన ఊరేగింపు దగ్గుతూ నడవకూడదన్నదే నా ఆవేదన." ఈ ప్రసంగానికి చప్పట్లు బాగా పడ్డాయి. పరీక్ష పెట్టి తేల్చాలని, తేడా ఉందని తేలితే బెరిల్ కారు ఊరేగింపులోకి రాకూడదని తీర్మానించాం.

పరీక్ష పద్ధతి ఎంతో శాస్త్రీయం. ఎర్నీ కారు ట్యాంకు పూర్తిగా తోడేసి, ఒకసారి కంపెనీ పెట్రోలు, ఒకసారి సూపర్‌మార్కెట్ పెట్రోలు పోసి, రెండుసార్లూ గాలిమర గుట్ట ఎక్కించాలి. కంపెనీ పెట్రోలు తెచ్చే బాధ్యత పళ్ల డాక్టరు క్లైవ్ హారప్ గారిది. సూపర్‌మార్కెట్ పెట్రోలు తెచ్చే త్యాగానికి నైజెల్ ముందుకొచ్చాడు. న్యాయనిర్ణేతలుగా హంఫ్రీ గారు, మా చర్చి ఫాదర్ గారు, నేను. ఏ పెట్రోలు ఏదో తెలియకుండా కళ్లకు గంతలు కట్టుకోవాలని మొదట అనుకున్నాం. అయితే గంతలుంటే టీ ఒలుకుతుందని ఫాదర్ గారు అభ్యంతరం చెప్పారు. అందుకని కంపెనీ డబ్బాకు ఎర్ర రిబ్బను, సూపర్‌మార్కెట్ డబ్బాకు తెల్ల రిబ్బను కట్టి, ఏది ఏదో ముందే అందరికీ చెప్పేశాం. దీనివల్ల అనుమానాలకు తావు లేకుండా పోయింది.

బెరిల్ ఈసారి చోకు లోపలికి నెట్టి నడిపింది. కారు గుట్ట ఎక్కింది, దిగింది. మళ్లీ ఎక్కింది, దిగింది. ఎర్ర రిబ్బను పెట్రోలుతో వెళ్లినప్పుడు పట్టుపరుపు మీద కూర్చున్నట్టుందని హంఫ్రీ గారు అన్నారు. ఫాదర్ గారికి బాల్యం గుర్తొచ్చింది. తెల్ల రిబ్బనుతో వెళ్లినప్పుడు హంఫ్రీ గారి మోకాలు నొప్పెట్టింది, ఫాదర్ గారికి లోకం మీద నమ్మకం సన్నగిల్లింది, నాకు పులిసిన వాసన ఏదో వచ్చింది. తేడా పట్టపగలులా స్పష్టం.

"నాకు రెండూ ఒక్కలాగే అనిపించాయండీ," అంది బెరిల్, స్టీరింగ్ వదలకుండా.

"దుఃఖంలో ఉన్నారు, తెలియదు లెండి," అన్నారు హంఫ్రీ గారు ఎంతో దయగా.

తీర్పు రాశాక అందరం లమ్లీ వాళ్ల తోటలో టీకి కూర్చున్నాం. దోసకాయ శాండ్‌విచ్‌లు బాగా కుదిరాయి. బెరిల్ ఒక మూల ఖాళీ కప్పు పట్టుకుని కూర్చుంది. ఆమెను చూసి డాఫ్నీకి మనసు ఆగలేదు.

"నైజెల్, చెప్పేసెయ్. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"ఇప్పుడెందుకే అవన్నీ?"

"ఈయన అసలు సూపర్‌మార్కెట్‌కి వెళ్లనే లేదండీ," అంది డాఫ్నీ అందరి వైపూ తిరిగి. "చేతిలో డబ్బాతో అక్కడ నిలబడితే మా పరువేం కాను అని నేనే వద్దన్నాను. కంపెనీ బంకులోనే నింపుకొచ్చాడు. రెండు డబ్బాల్లోనూ ఉన్నది కంపెనీ పెట్రోలే. మరి మీ మోకాలు దేనికి నొప్పెట్టింది, హంఫ్రీ?"

పరిస్థితి విషమించింది. ఒకే పెట్రోలులో ముగ్గురు పెద్దమనుషులు రెండు పెట్రోళ్లు కనిపెట్టారన్న అపవాదు సంఘానికి రాబోతోంది. అప్పుడు క్లైవ్ హారప్ గారు, మమ్మల్ని కాపాడాలన్న సదుద్దేశంతో, శాండ్‌విచ్ కింద పెట్టి లేచారు.

"కాదు, కాదు. రెండూ వేర్వేరే. న్యాయనిర్ణేతలు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకంటే నా ఎర్ర డబ్బా నేను... సూపర్‌మార్కెట్‌లో నింపాను. కంపెనీ బంకుకనే బయలుదేరాను. అలవాటు ప్రకారం చెయ్యి స్టీరింగును ఎడమకి తిప్పేసింది."

ఆ విధంగా తేడా ఉందని రుజువైంది. పట్టుపరుపు సూపర్‌మార్కెట్‌దని, మోకాలినొప్పి కంపెనీదని కూడా రుజువైంది. ఇలాంటి సందర్భాల కోసం మా జాతి ఎంతోకాలంగా పెంచి పోషించుకున్న ఉపాయం ఒకటుంది. ఫాదర్ గారు దాన్ని అందుకున్నారు.

"వాన వచ్చేలా ఉంది," అన్నారు.

నడినెత్తిన ఎండ మాడుతోంది. వాన తప్పదని అందరం ఒప్పుకున్నాం. హంఫ్రీ గారైతే గొడుగు కూడా తెరిచారు.

గొడుగు కిందే ఆయన రాజీమార్గం ప్రకటించారు. పరీక్ష గొప్పగా విజయవంతమైంది, పెట్రోలుకూ పెట్రోలుకూ తేడా ఉందని తేలింది, ఏది మేలన్నది చిన్న విషయం, దాన్ని సాగదీయడం సభ్యత కాదు. సంఘం పరువు నిలవాలి, బెరిల్ ముచ్చటా తీరాలి. అంచేత ఉత్సవం రోజు మైకు దగ్గర బెరిల్ ఒకే ఒక్క వాక్యం అనాలి: ఎర్నీ జీవితాంతం కంపెనీ పెట్రోలే వాడాడని. అలా అంటే ఆయన కారు ముందు నడుస్తుంది. అననంటే గ్యారేజీలోనే ఉంటుంది.

"ఎర్నీ చచ్చిపోయాడు కదా హంఫ్రీ," అంది బెరిల్ మెల్లగా. "ఇప్పుడాయన కాదనలేడు."

"అదే కదా సౌకర్యం," అన్నారు హంఫ్రీ గారు.

బెరిల్ వంటింట్లోకి వెళ్లి కప్పు కడగడం మొదలుపెట్టింది. అసలు టీ పోయని కప్పు అది. డాఫ్నీ వెనకే వెళ్లింది, పాలగిన్నె అందించే మిషమీద నేనూ వెళ్లాను. బెరిల్ ఏడుస్తోంది. "ఆ డొక్కులో కోడిగుడ్లు ఏరుకున్న రోజు నుంచీ ఇదే మాట, డాఫ్నీ. ఒక్కసారి ముందు నడపాలి, ఒక్కసారి ముందు నడపాలి అని. అబద్ధం ఆడితే ఆయన కోరిక తీరుతుంది. ఆడితే అది ఆయన కారే కాదు. నన్నేం చెయ్యమంటావ్?" డాఫ్నీ ఆమె వీపు నిమిరింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో హంఫ్రీ గారి గొడుగు విరిచెయ్యాలనిపించింది. పాలగిన్నె తీసుకుని వచ్చేశాను.

చివరకు బెరిల్ తోటలోకి వచ్చి, "సరే, మైకు దగ్గర చెప్తాను," అంది. హంఫ్రీ గారు ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, వివేకానికి అభినందనలు తెలిపారు.

ఉత్సవం రోజు వీధికి రెండు వైపులా జనం. జెండాల తోరణాలు, బ్యాండు మేళం, ఐస్‌క్రీం బండి. వరసలో అన్నిటికంటే ముందు ఎర్నీ ఆకుపచ్చ కారు నిలబడింది. బెరిల్ ఆయన టోపీ పెట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. హంఫ్రీ గారు పక్కనే నిలబడి, వాక్యం మరిచిపోతే అందించడానికి పెదవులు కదుపుతున్నారు.

"నా భర్తకు ఈ ఊరంటే ప్రాణం," అంది బెరిల్. "ప్రతి శుక్రవారం పొద్దున సూపర్‌మార్కెట్‌కి వెళ్లి ఈ కారుకి పెట్రోలు పోసుకొచ్చేవాడు. అక్కడ క్యూ చాలా పెద్దదట, మన ఊరి పెద్దవాళ్లందరూ ఉంటారట. ఎవరెవరని నేను అడిగేదాన్ని. ఎన్నిసార్లు అడిగినా ఒక్క పేరు కూడా చెప్పలేదు. అంత పెద్దమనిషి మా ఎర్నీ. అంతే, చెప్పాల్సింది అయిపోయింది."

ఆమె కారెక్కి, చోకు సరిచూసుకుని, బయలుదేరింది. దగ్గు లేదు, పొగ లేదు. ఆపడానికి ఎవరైనా అడ్డం వెళ్లాలి. అడ్డం వెళ్లినవాడు ఆ శుక్రవారం క్యూలో ఉండేవాడేనని ఊరంతా అనుకుంటుంది. ఎవరూ కదల్లేదు. హంఫ్రీ గారు తన కారెక్కి ఆమె వెనకే బుద్ధిగా నడిపారు. బ్యాండు మోగింది. జనం కాసేపు తమ బూట్ల వైపు చూసుకుని, తర్వాత చప్పట్లు కొట్టారు. ఊరేగింపు చక్కగా జరిగింది.

సోమవారం కార్యవర్గం సమావేశమై కింది విధంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. కంపెనీ పెట్రోలే శ్రేష్ఠం. బెరిల్ టాడ్ గారి ప్రసంగం హృదయాలను కదిలించింది. దురదృష్టవశాత్తూ ఆ రోజు మైకు పనిచేయనందున ఆమె ఏం మాట్లాడారో ఎవరికీ వినబడలేదు. ఇకమీదట మైకు ఆచారం రద్దు. తీర్మానం మీద మొదటి సంతకం నాదే.

పాఠకులు కూడా ఆమె మాటలు విన్నారా? విని ఉంటే మీరు మా సంఘానికి పనికిరారు, క్షమించండి. వినబడలేదంటారా, అయితే సంతోషం. వచ్చే శుక్రవారం పొద్దున్నే రండి, క్యూలో మీకూ చోటుంటుంది. వచ్చాక పలకరించకండి.