బయటి పదార్థం

రుతువులు వాటంతట అవే మారతాయన్నది పాతకాలపు మూఢనమ్మకం. మా చూయ్ లోయలో వేసవి ముగియాలంటే జిల్లా సేంద్రియ సాగు ధ్రువీకరణ కార్యాలయం ఒప్పుకోవాలి. అందుకే ఇక్కడ శరత్తు కంటే ముందు షరతులొస్తాయి. చెట్ల పత్రాలు రాలే వేళకు బల్లల మీద పత్రాలు చిగురిస్తాయి.

మా వీధిలో సైకల్ అనే ఆవిడకు రసాయనం తగలని ఎకరం కూరగాయల తోట ఉంది. మూడేళ్ళు కాచుకుని సంపాదించిన ధ్రువపత్రం పెళ్ళిఫొటో పక్కనే వేలాడుతుంటుంది (ఫొటోలో మొగుడి మొహం కంటే పత్రంలో ముద్రే స్పష్టంగా కనిపిస్తుంది). ఆ మంగళవారం పొద్దున, మర్నాటికి గడ్డమంచు పడుతుందని రేడియో చెప్పింది. నలభై సాళ్ళ బుంగమిరప ఇంకా మొక్కల మీదే ఎర్రగా ఊగుతోంది. మంచు తగిలిందంటే మధ్యాహ్నానికల్లా నల్లటి గుజ్జే. మొగుడు గొర్రెలతో ఇంకా కొండ దిగలేదు. ఒంటి చేత్తో అయ్యే పని కాదు. అందుకని సైకల్ అషర్‌కు కబురు పెట్టింది. అషర్ అంటే ఒక ఇంటి పని మీద వీధంతా పడడం, పనవగానే ఆ ఇంటి పలావు మీద పడడం.

పద్నాలుగు మందిమి బుట్టలతో వెళ్ళాం. అప్పటికే గేటు లోపల ట్యాబ్ పట్టుకుని తనిఖీ అధికారి జపార్ ఇమానొవిచ్ నిలబడి ఉన్నారు.

"నిబంధన పదకొండు, సైకల్‌గారూ. పొలంలోకి బయటినుంచి వచ్చే ప్రతి పదార్థాన్నీ యాప్‌లో నమోదు చేయాలి."

"నేనేం తెచ్చానండీ? గడ్డి కూడా నా తోటదే."

ఆయన మావైపు వేలు చూపించారు. "మరి వీళ్ళు?"

"వాళ్ళు పదార్థమేమిటండీ, పొరుగువాళ్ళు!"

"పొరుగు అనే గడి లేదు. విత్తనం ఉంది, ఎరువు ఉంది, ఇతరములు ఉంది. నమోదు కాకుండా ఒక్క కాయ కోసినా ధ్రువపత్రం రద్దు. మళ్ళీ మూడేళ్ళు."

సైకల్ ఒకసారి మిరప వైపు, ఒకసారి కొండల మీది మబ్బు వైపు చూసింది. (అధికారి మనిషి మంచివాడే. మంచితనానికి కూడా యాప్‌లో గడి లేదు, అంతే.)

ముందు అందరిలోకీ పెద్దదైన బురుల్ అపా వంతు వచ్చింది.

"మూలం?"

"ఈ వీధే."

"దేంతో తయారైంది?"

"టీ, రొట్టె, గొర్రెకొవ్వు. పైన కోడలి మాటలు."

"రసాయనాలేమైనా?"

"బీపీ మాత్ర. రోజుకొకటి. నీలాంటివాళ్ళు వచ్చిన రోజున రెండు."

ఆయన అంతా శ్రద్ధగా ఎక్కించి 'ఇతరములు' నొక్కారు. పది పనిదినాల్లో నిర్ణయం తెలుపుతామని యాప్ చెప్పింది.

"రేపే మంచండీ!" అంది సైకల్.

"మంచు మా పరిధిలోకి రాదు."

ట్రాక్టరు నడిపే షైలో గొంతు సవరించుకున్నాడు. "అన్నా, ఆ ఎరువు గడి నొక్కితే ఎన్నాళ్ళు పడుతుంది?"

"బాగా మగ్గిన స్థానిక ఎరువైతే అక్కడికక్కడే."

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. బురుల్ అపా తలగుడ్డ సర్దుకుంది.

"నన్ను అందులో వెయ్యి నాయనా."

"అపా, మీ వయసుకు అది గౌరవంగా..."

"డెబ్భై ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే మగ్గుతున్నాను. నీ గౌరవం కోసం ఇంకెన్నాళ్ళు మగ్గమంటావు?"

నిబంధనల్లో అభ్యంతరం దొరకలేదు. 'ఈ ప్రాంతంలో ఎంతకాలంగా మగ్గుతోంది' అన్న గడిలో డెబ్భై ఎనిమిదేళ్ళని పడగానే తెర పచ్చబడింది: 'అంగీకరించడమైనది. పంటకు మేలు.' బురుల్ అపాకు ఈ మాట ఇంట్లో ఎవరూ ఏనాడూ అనలేదట. మళ్ళీ చదివించుకుంది. తరువాత షైలో, నలభై ఒక్కేళ్ళు. బడి పంతులుగారు తన పట్టా కూడా కలుస్తుందా అని అడిగారు. చదువు మగ్గుడు కిందికి రాదని తేలింది. అరగంటలో పద్నాలుగు ఎరువులం సాళ్ళలోకి దిగాం.

సైకల్ బుట్ట ఎత్తుకుంటూ ఆగింది. "జపార్ ఇమానొవిచ్, మీరూ గేటు లోపలే ఉన్నారు కదా. మీరు నమోదయ్యారా?"

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నారు. నిబంధన తనదైనా సరే తప్పించుకునే మనిషి కాదు. ఏ గడిలో పడాలా అని చాలాసేపు ఆలోచించి, చివరకు మా ఎరువు గడిలోనే చేరారు. కాలం అడిగిన చోట నిజాయితీగా 'ఈ ఉదయం తొమ్మిదిన్నర నుంచి' అని రాసుకున్నారు. తెర ఎర్రబడగానే గేటు బయటికి నడిచి అక్కడే నిలబడ్డారు.

పొద్దు వాలేసరికి నలభై సాళ్ళూ నేలమాళిగకు చేరాయి. మర్నాడు మంచు బోడి మొక్కల మీద పడింది.

శుక్రవారం నివేదిక వచ్చింది. సైకల్ ధ్రువపత్రం కొనసాగుతుంది. తోటలో వాడిన పద్నాలుగు ఎరువులూ నాణ్యమైనవి. కార్యాలయం నుంచి వచ్చిన పదిహేనోది మాత్రం ఇంకా పచ్చిగా ఉంది. తినే పంటల దరిదాపులకు రానీయరాదు.

కింద జపార్ ఇమానొవిచ్ సంతకం ఉంది.